చెన్నైలో బీఎస్సీ నర్సింగ్: ఫీజు కట్టే ముందు నుంచి రిజిస్ట్రేషన్ కార్డు చేతికొచ్చేదాకా

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి నా ఫోను మోగుతూనే ఉంటుంది. నెల్లూరు, కావలి, సూళ్లూరుపేట, పుత్తూరు, ఒంగోలు. ఊరు మారుతుంది, ప్రశ్న మారదు. "అమ్మాయికి బైపీసీలో మంచి మార్కులు వచ్చాయి. చెన్నైలో ఫలానా యూనివర్సిటీలో నర్సింగ్ సీటు ఉందంటున్నారు. చేర్పించవచ్చా మేడమ్?" ఈ మధ్య అబ్బాయిల తండ్రులు కూడా అడుగుతున్నారు, అది నాకు సంతోషం. ఈ నగరంలో ముందు వార్డు నర్సుగా, తరువాత విద్యార్థుల వెంట తిరిగే ట్యూటరుగా పనిచేశాను. ఫోనులో పది నిమిషాల్లో చెప్పగలిగేది సగమే. మిగతా సగం తెలియకనే పిల్లలు ఇబ్బంది పడుతున్నారు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది సొంత ఆసుపత్రి, పరిశోధన విభాగాలు ఉన్న ప్రైవేటు డీమ్డ్ విశ్వవిద్యాలయాల గురించి. చెన్నై చుట్టుపక్కల పోరూరులో శ్రీరామచంద్ర, తండలంలో సవీత, కాట్టాంకుళత్తూరులో ఎస్ఆర్ఎం, కేళంబాక్కంలో చెట్టినాడ్ అలాంటివి. వీటిలో ఏది మంచిదో నేను చెప్పను. మీరే వెళ్లి తేల్చుకునే పద్ధతి చెబుతాను.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

అర్హత ఇది. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి కనీసం 45 శాతం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 40 శాతం. మనకు బాటనీ, జువాలజీ విడివిడిగా ఉంటాయి కాబట్టి ఆ రెండూ కలిపి బయాలజీ అవుతుంది. ఇంగ్లిష్ తప్పకుండా పాసై ఉండాలి. చేరే సంవత్సరం డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

కాగితాలు: పదో తరగతి మెమో, ఇంటర్ మార్కుల మెమో, టీసీ, స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక డజను. వీటితోపాటు ఇంటర్ బోర్డు ఇచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్. పక్క రాష్ట్రానికి వెళుతున్నామన్న సంగతి చివరి వారం గుర్తుకొచ్చి దీనికోసం పరుగెత్తేవాళ్లు చాలామంది. ఫలితాలు రాగానే దరఖాస్తు పెట్టండి.

వస్తువులు: సెకన్ల ముల్లు ఉన్న చేతి గడియారం, శబ్దం రాని మూసిన బూట్లు, జేబులో పట్టే చిన్న డైరీ. స్టెతస్కోప్ కళాశాల చెప్పాక కొనవచ్చు. గడియారం మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. నాడి లెక్కపెట్టడానికి ఫోను తీస్తే వార్డు సిస్టర్ ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

1. పేరు సరిచేసుకోండి

ఇది మొదటి మెట్టు ఎందుకో ఆఖరి మెట్టు దగ్గర తెలుస్తుంది. మనకు ఇంటిపేరు ఉంటుంది. తమిళనాడులో పేరు ముందు ఉండే పొడి అక్షరం చాలా వరకు తండ్రి పేరుది. అక్కడి గుమాస్తాకు మీ "కె. లావణ్య"లోని 'కె' అంటే నాన్నగారి పేరే. దరఖాస్తులో నాన్నగారి పేరు వెంకటేశ్వర్లు అని చూసి, 'కె' తీసేసి 'వి' అని రాసేస్తారు. అలా ఒకసారి కంప్యూటరులో ఎక్కిన పేరు హాల్ టికెట్లో, మార్కుల జాబితాలో, డిగ్రీలో అలాగే వస్తుంది.

పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆధార్ మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టండి. ఇంగ్లిష్ అక్షరాలు ఒక్కొక్కటే పోల్చండి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడిగా ఉన్నా, 'లక్ష్మి' చివర ఒకచోట 'ఐ', ఒకచోట 'వై' ఉన్నా పదో తరగతి మెమోనే ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. ఆ స్పెల్లింగ్‌ను ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫైలు మొదటి పేజీగా పెట్టుకోండి. ఇకపై ఏ దరఖాస్తు అయినా ఆ కాగితం చూసే నింపాలి. ఇంటిపేరు కోసం విడిగా గడి ఉంటే అందులో ఇంటిపేరే రాయండి, నాన్నగారి పేరు కాదు.

సరిచూసుకోవడం: ప్రవేశం తరువాత ఇచ్చే మొదటి రసీదు మీద, గుర్తింపు కార్డు మీద పేరు చదవండి. తప్పుంటే ఆ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. మొదటి సెమిస్టరు హాల్ టికెట్ వచ్చేలోపు మార్పించడం సులువు, డిగ్రీ అచ్చయ్యాక నెలలు పడుతుంది.

2. అనుమతులు మీరే చూడండి

విశ్వవిద్యాలయానికి ఎంత పేరున్నా అది ఒక్కటే చాలదు. మూడు చోట్ల చూడాలి. మొదటిది యూజీసీ జాబితా: ఆ సంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయమేనా? రెండోది 1947 చట్టం కింద ఏర్పడిన భారత నర్సింగ్ మండలి జాబితా: ఆ నర్సింగ్ కళాశాల, ఆ కోర్సు, ఈ విద్యా సంవత్సరానికి ఉన్నాయా? మూడోది తమిళనాడు నర్సులు, మిడ్‌వైవ్‌ల మండలి జాబితా. మొదటి రిజిస్ట్రేషన్ ఇచ్చేది వీళ్లే.

అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, "ఆ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ గొప్పగా ఉంటుంది కాబట్టి నర్సింగూ బాగుంటుంది" అనుకోవడం. ర్యాంకులు సంస్థ మొత్తానికి, లేదా వేరే విభాగానికి వస్తాయి. నర్సింగ్ కళాశాలను విడిగా చూడండి. రెండో పొరపాటు, కళాశాల గోడకు వేలాడదీసిన అనుమతి పత్రాన్ని ఫోటో తీసుకుని తృప్తిపడటం. దాని మీద సంవత్సరం చూడండి.

బెంగళూరు అనుకుంటున్న వారికి ఒక మాట. అక్కడ ప్రైవేటు నర్సింగ్ కళాశాలల్లో ఎక్కువ భాగం రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధమైనవి. డిగ్రీ ఆ విశ్వవిద్యాలయం ఇస్తుంది, రిజిస్ట్రేషన్ కర్ణాటక రాష్ట్ర నర్సింగ్ మండలి ఇస్తుంది. చూసే పద్ధతి ఇదే. కాకపోతే అక్కడ సొంత ఆసుపత్రి ఉందా, లేక పిల్లల్ని ఎక్కడికి పంపుతారు అన్న ప్రశ్న మరింత గట్టిగా అడగాలి.

3. సంతకం పెట్టే ముందు ఒక ఉదయం ఆసుపత్రిలో గడపండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే చదవడానికి మీకు తీరిక ఉంటే, ఇదే చదవండి. ఏసీ గదిలో ప్రవేశాల అధికారి చూపించే రంగురంగుల పుస్తకంలో సిమ్యులేషన్ ల్యాబ్, అందులో సాధనకు వాడే మనిషి బొమ్మలు, పెద్ద గ్రంథాలయం ఉంటాయి. అవి ఉండటం మంచిదే. కానీ నర్సు తయారయ్యేది రోగి మంచం పక్కన. ఆ మంచాలు నిండి ఉన్నాయా, అక్కడ విద్యార్థులు పనిచేస్తున్నారా, వాళ్ల పక్కన నేర్పేవాళ్లు ఉన్నారా అన్నదే చూడాలి.

ఉదయం ఏడింటికల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఉండండి. ఆంధ్ర బస్సులు చాలావరకు తెల్లవారకముందే మాధవరం బస్టాండుకు చేరుస్తాయి. రాత్రి బయలుదేరితే వీలవుతుంది. కాట్టాంకుళత్తూరుకైతే బీచ్-చెంగల్పట్టు లోకల్ రైలులో పొత్తేరి స్టేషన్లో దిగాలి. ముందు ఓపీ చీటీల వరుస చూడండి, తొమ్మిదికి ఎంత పొడుగు ఉందో. తరువాత యూనిఫాం వేసుకున్న నర్సింగ్ విద్యార్థులు ఎటు వెళుతున్నారో గమనించండి. వార్డులోకి అనుమతి లేకుండా వెళ్లకండి, అది రోగుల చోటు. ప్రవేశాల అధికారినే అడిగితే చాలా చోట్ల ఒక ట్యూటరును తోడిచ్చి చూపిస్తారు. ఎంత అడిగినా ఆసుపత్రి చూపించకుండా భవనమే చూపిస్తే, ఆ జవాబును జవాబుగానే తీసుకోండి.

గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలు దొరుకుతారు. వాళ్లను ఇవి అడగండి:

• మీ వార్డులో ఒక్కొక్క విద్యార్థికి ఎంతమంది రోగులు వస్తారు? నర్సింగ్ మండలి లెక్క ప్రకారం ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. ఒకే మంచం చుట్టూ ఆరుగురు నిలబడే చోట సూది వేసేది ఒకరు, చూసేది అయిదుగురు.

• ట్యూటర్ వార్డులో ఉంటారా, సంతకానికి మాత్రమే వస్తారా? పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది నిబంధన.

• కాన్పుల గదిలో మీ చేతులతో ఎన్ని కాన్పులు చేశారు? ఈ ప్రశ్న తప్పకుండా అడగండి. ఖరీదైన ఆసుపత్రుల్లో గుండె శస్త్రచికిత్సలు ఎక్కువ, మామూలు కాన్పులు తక్కువ ఉండవచ్చు. అలాంటప్పుడు పిల్లల్ని వేరే ఆసుపత్రికి పంపుతున్నారా, ఎన్ని వారాలు పంపుతున్నారు?

• మానసిక వైద్యం పోస్టింగ్ ఎక్కడ? 1794లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఈ నగరంలోనే, కీళ్పాక్కంలో ఉంది. అలాంటి చోటికి వెళ్లి వచ్చిన పిల్లలు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

సరిచూసుకోవడం: ముగ్గురు వేర్వేరు విద్యార్థులు ఒకే ప్రశ్నకు దాదాపు ఒకే జవాబు చెబితే నమ్మండి. ప్రవేశాల అధికారి చెప్పినదీ, పిల్లలు చెప్పినదీ వేరైతే పిల్లల మాటే నమ్మండి.

4. డబ్బు, బాండు, ఏజెంటు

ఏజెంటు ద్వారా వెళ్లకండి. మా బంధువుల అమ్మాయిని ఒక ఏజెంటు "సీట్లు అయిపోతున్నాయి" అని తొందరపెట్టి ఒక కళాశాలలో చేర్పించాడు. చేరిన వారానికే అక్కడ ఆసుపత్రి లేదని తెలిసింది. మానేస్తామంటే నాలుగేళ్ల ఫీజు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమన్నారు. ఆ అమ్మాయి ఒక విద్యా సంవత్సరం పోగొట్టుకుంది. అప్పుడు మాకు నిబంధన తెలియదు. మీకు తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం అసలు సర్టిఫికెట్లను సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, దగ్గర పెట్టుకోకూడదు. మానేసేవారికి ఫీజు వాపసు లెక్క ఇది. ప్రకటించిన ఆఖరి ప్రవేశ తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు చెబితే మొత్తం వస్తుంది, అందులోంచి అయిదు శాతానికి, 5,000 రూపాయలకు మించకుండా ఖర్చుల కింద పట్టుకోవచ్చు. ఆ తేదీకి ముందు 15 రోజుల లోపయితే 90 శాతం. తేదీ దాటిన 15 రోజుల్లోపు 80 శాతం. 15 నుంచి 30 రోజుల మధ్య 50 శాతం. ఆ తరువాత ఏమీ రాదు. అందుకే ఆఖరి ప్రవేశ తేదీ ఏమిటో రాతలో తీసుకోండి. మానేయదలచుకుంటే నోటిమాటగా కాదు, ఈమెయిల్ పంపండి, తేదీ నిలుస్తుంది.

ఫీజు అడిగేటప్పుడు "ఏడాదికి ఎంత?" అని అడిగి ఊరుకోకండి. ట్యూషన్, హాస్టల్, మెస్, బస్సు, యూనిఫాం, పరీక్ష ఫీజు, ప్రభుత్వ ఆసుపత్రుల పోస్టింగులకు కట్టే రుసుము, ఇవన్నీ నాలుగేళ్లకూ విడివిడిగా లెటర్‌హెడ్ మీద ఇమ్మనండి. ఏటా పెంచుతారా అన్నదీ రాయించండి. ఇదే కాగితం బ్యాంకుకూ కావాలి. మన రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న లెక్కతో పక్క రాష్ట్రంలో చేరకండి. వస్తే మంచిదే, రాకపోతే ఎలా కడతామో ముందే తేల్చుకోండి.

బాండు గురించి తప్పక అడగండి. చదువయ్యాక తమ ఆసుపత్రిలో ఏడాదో, రెండేళ్లో పనిచేయాలనే షరతు కొన్నిచోట్ల ఉంటుంది. షరతు చెడ్డదని కాదు. కొత్తవాళ్లకు ఒక పెద్ద ఆసుపత్రిలో ఏడాది అనుభవం మేలే. కానీ జీతమెంత, మధ్యలో మానితే కట్టేదెంత, ఆ కాలంలో డిగ్రీ మీ చేతికి ఇస్తారా అన్నది సంతకానికి ముందే చదవాలి.

విద్యా రుణానికి విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టవచ్చు. బ్యాంకుల సంఘం తయారుచేసిన నమూనా విద్యా రుణ పథకంలో 4 లక్షల దాకా మీ వాటా సొమ్ము అడగరు, ఏడున్నర లక్షల దాకా ఆస్తి తాకట్టు అడగరు. తల్లి లేదా తండ్రి సహ రుణగ్రహీతగా సంతకం చేయాలి. వాయిదాలు చదువు పూర్తయిన ఏడాదికి మొదలవుతాయి. కానీ వడ్డీ మొదటి రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. నెలనెలా ఆ వడ్డీ వరకైనా కట్టగలిగితే కట్టేయండి.

5. టీకాలు వేయించుకునే రండి

హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. వార్డు పోస్టింగులు మొదలయ్యేలోపు కనీసం రెండైనా పడాలంటే ఇంటర్ పరీక్షలు రాసిన వారంలోనే మొదటిది వేయించుకోవాలి. మూడోది అయిన ఒకటి రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించండి. 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే రక్షణ ఉన్నట్టు. ఆ రిపోర్టు ఫైలులో ఉంచండి. చికెన్‌పాక్స్ చిన్నప్పుడు వచ్చిందో లేదో ఇంట్లో పెద్దలను అడిగి రాసి పెట్టుకోండి, రాకపోతే ఆ టీకా గురించీ డాక్టరును అడగండి.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి సూది గుచ్చుకోవచ్చు. అప్పుడు చేయవలసింది: సబ్బు నీళ్లతో కడగండి. పిండకండి, నోట్లో పెట్టుకోకండి. వెంటనే వార్డు ఇన్‌ఛార్జి సిస్టరుకు చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే మొదటి రెండు గంటల్లోనే మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. మొదటి ఏడాది పిల్లలు తిడతారేమోనని భయపడి దాచిపెడతారు. ఎవరు తిట్టినా సరే, దాచకండి. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టకండి. గుచ్చుకునే ప్రమాదాలు చాలా అక్కడ జరుగుతాయి. సూదులు తెల్లటి గట్టి డబ్బాలో, గాజు సామాను నీలం దానిలో, గొట్టాలు, సెలైన్ సీసాలు ఎర్ర సంచిలో, రక్తం అంటిన దూది, గుడ్డలు పసుపు సంచిలో వేయాలి. ఈ రంగులు మొదటి రోజే కంఠస్థం కావాలి.

6. వార్డు తమిళం నేర్చుకోండి

తరగతి ఇంగ్లిష్‌లో జరుగుతుంది, హాస్టల్లో తెలుగు స్నేహితులు దొరుకుతారు, కానీ మంచం మీద ఉన్న అవ్వ తమిళంలోనే మూలుగుతుంది. చేరిన మొదటి నెలలో ఈ మాటలు నోటికి రావాలి: ఎంగ వలిక్కుదు (ఎక్కడ నొప్పిగా ఉంది), సాప్పిట్టీంగళా (భోంచేశారా), ఊసి (సూది), మాత్తిరై (మాత్ర), కాయ్చల్ (జ్వరం), ఇరుమల్ (దగ్గు), మయక్కం (కళ్లు తిరగడం, స్పృహ తప్పడం), మూచ్చు వాంగుదు (ఆయాసంగా ఉంది).

తెలియని మాటల కన్నా తెలిసినట్టుండే మాటలతోనే ప్రమాదం. తమిళంలో 'తూక్కం' అంటే నిద్ర. ఒక పెద్దాయన "తూక్కం ఇల్లై" అంటే మన అమ్మాయి ఒకతె బరువు తూచే యంత్రం తెచ్చింది. ఆయన మూడు రాత్రులుగా నిద్ర లేక బాధపడుతున్నారు. అలాగే 'అవసరం' అంటే వాళ్లకు తొందర, అత్యవసరం. రోగి బంధువు "అవసరం సిస్టర్" అని పరుగెత్తుకొస్తే, ఏదో కావాలంటున్నాడనుకుని నిలబడకండి, వెంటనే కదలండి.

సరిచూసుకోవడం: రోగి చెప్పినదాన్ని మీ మాటల్లో ఆయనకే తిరిగి చెప్పండి. ఆయన తల ఊపిన తరువాతే రాయండి. ఇక తెలుగు రోగుల సంగతి. మన నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి చెన్నై ఆసుపత్రులకు రోజూ ఎంతమంది వస్తారో మీరే చూస్తారు. మీ నోట తెలుగు విని వాళ్ల ముఖంలో వచ్చే ధైర్యం చూస్తే, ఇంటి బెంగ కొంత తగ్గుతుంది.

7. మొదటి రెండేళ్లలో ఇవి తప్పకండి

హాజరు: థియరీకి, ప్రాక్టికల్‌కు 80 శాతం ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. ఇది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది, డిగ్రీ చేతికి రావాలంటే ప్రతి ప్రాక్టికల్ విభాగంలోనూ 100 శాతం పూర్తి కావాలి. పండక్కి నాలుగు రోజులు ఎక్కువ ఉండి వస్తే ఆ డ్యూటీలు ఎప్పుడో ఒకప్పుడు చేయక తప్పదు. అవి పేరుకుంటే స్నేహితులంతా ఇళ్లకు వెళ్లిన సెలవుల్లో మీరు వార్డులో ఉంటారు. ప్రతి నెలాఖరున మీ హాజరు మీరే డైరీలో లెక్కవేసి ట్యూటర్ పుస్తకంతో పోల్చండి.

థియరీ, ప్రాక్టికల్ విడివిడిగా పాసవాలి. ఒకదాని మార్కులు ఇంకొకదాన్ని ఆదుకోవు. మొదటి సెమిస్టర్లో అనాటమీ, ఫిజియాలజీ భారంగా ఉంటాయి. మూడు, నాలుగు సెమిస్టర్లలో ఫార్మకాలజీ, పాథాలజీ. చెన్నైలో బ్యాక్‌లాగును 'అరియర్' అంటారు. ఒక్క అరియర్ పడినా కుంగిపోకండి. దాచి, ఇంట్లో చెప్పకుండా రెండోది పడేదాకా ఉండటమే అసలు తప్పు.

లాగ్‌బుక్: చేసిన ప్రతి ప్రొసీజరుకు ఆ రోజే సంతకం తీసుకోండి. సెమిస్టరు చివర ఒకేసారి ముప్ఫై సంతకాలకు వెళితే ట్యూటరుకు గుర్తుండదు, పెట్టనూ పెట్టరు.

కేర్ ప్లాన్ (ఒక్కో రోగికి ఏ సేవ చేయాలో రాసే పత్రం): సీనియర్ పుస్తకం చూసి రాయకండి. అలాంటి వాటిని ట్యూటర్లు ఎలా పట్టుకుంటారో చెబుతాను. రోగికి ఆయాసమని ఉంటుంది, ఆక్సిజన్ స్థాయి, శ్వాస లెక్క మాత్రం మామూలుగా ఉంటాయి. ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టి, మీరు చూసిన అంకెలే రాయండి. పెద్దవారికి నాడి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20. గదిలోని రోగులందరికీ శ్వాస 20 అని రాసి ఉంటే ఎవరూ లెక్కపెట్టలేదని మాకు అర్థమవుతుంది.

లెక్కలు: బైపీసీ పిల్లలకు లెక్కలంటే జంకు. ఇక్కడ అవసరమైనది గుణకారం, భాగహారం మాత్రమే, కానీ తప్పకూడదు. సెలైన్ చుక్కల లెక్క చూడండి. మొత్తం మిల్లీలీటర్లను సెట్టు (సెలైన్ ఎక్కించే గొట్టం) మీద రాసిన చుక్కల సంఖ్యతో గుణించి, నిమిషాలతో భాగించాలి. అర లీటరు నాలుగు గంటల్లో వెళ్లాలి, సెట్టు మీద మిల్లీలీటరుకు 20 చుక్కలని ఉంది. 500ని 20తో గుణిస్తే 10,000. దాన్ని 240తో భాగిస్తే 41.67, అంటే నిమిషానికి 42 చుక్కలు. పిల్లల వార్డులో వాడే మైక్రో సెట్టుకు 60 చుక్కలు. సెట్టు కవరు మీద అంకె చదవకుండా అలవాటు ప్రకారం లెక్కవేయడమే ఇక్కడి తప్పు. సరిచూసుకోవడానికి గంట తరువాత సీసా చూడండి. ఈ ఉదాహరణలో దాదాపు 125 మిల్లీలీటర్లు తగ్గి ఉండాలి.

ఇన్సులిన్: సీసా మీద 40 (మిల్లీలీటరుకు 40 యూనిట్లు) అని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ మూత సిరంజి. 100 సీసాలోని మందును 40 సిరంజిలో '20' గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రోగి ప్రాణానికే ముప్పు. ఇంకొకరికి చూపించి, వారు సరే అన్నాకే వేయండి. ఎంత అనుభవం వచ్చినా ఈ అలవాటు మానకండి. నేను ఇప్పటికీ చూపిస్తాను.

8. పరిశోధన మీకూ ఉంది, వాడుకోండి

పరిశోధన విశ్వవిద్యాలయంలో చేరి, ఆ పరిశోధన పీహెచ్‌డీ వాళ్లదని దూరంగా ఉండిపోతే, కట్టిన ఫీజులో కొంత వదిలేసినట్టే. ఏడో సెమిస్టర్లో నర్సింగ్ రీసెర్చ్, స్టాటిస్టిక్స్ పాఠంగా వస్తాయి, బృందంగా ఒక చిన్న ప్రాజెక్టు చేయాలి. ఎక్కువమంది పాత ప్రాజెక్టుల అట్టలు తిరగేసి "ఫలానా విషయంపై బోధన కార్యక్రమ ప్రభావం" అని వ్యాధి పేరు మార్చి పెట్టేస్తారు. అలా చేయకండి.

రెండో ఏడాది నుంచే జేబు డైరీ చివరి పేజీల్లో ప్రశ్నలు రాసుకోండి. మా వార్డులో చేతులు కడిగే సింకు ఎక్కడుంది, ఎంతమంది ఎన్నిసార్లు కడుగుతున్నారు? మధుమేహ రోగి ఇంటికి వెళ్లేటప్పుడు పాదాల జాగ్రత్త ఎవరు చెబుతున్నారు, ఏ భాషలో చెబుతున్నారు? తెలుగు మాత్రమే చదవగల మనిషి చేత తమిళంలోనో, ఇంగ్లిష్‌లోనో ఉన్న సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేయించడం మీరు చూస్తే, అది మీకు దొరికిన ప్రశ్న. ఆ ప్రశ్న అడగగల భాష మీ దగ్గర ఉంది.

ప్రశ్న దొరికాక వరుస ఇది. లెక్కపెట్టగలిగేంత చిన్నదిగా మార్చండి. వైద్య పరిశోధన వ్యాసాలు దొరికే వెబ్‌సైటు పబ్‌మెడ్‌లో వెతకడం నేర్పమని గ్రంథాలయంలో అడగండి. సమాచారం సేకరించే ముందే సంస్థ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి తీసుకోండి, ఒక్క రోగిని ప్రశ్నించినా సరే. సమ్మతి పత్రం రోగి భాషలో ఉండాలి. ఆ అనువాదాన్ని ఇంకొకరి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి అర్థం చెడలేదని చూడండి. కొద్దిమంది మీద ప్రయత్నించి చూశాక అసలు పని మొదలుపెట్టండి. అనుకున్నంతమంది రోగులు దొరకలేదని కూర్చుని కాగితాలు మీరే నింపకండి. ముప్ఫైమందే దొరికితే ముప్ఫైమందే అని రాయండి.

9. రిజిస్ట్రేషన్

ఎనిమిదో సెమిస్టరు ఇంటర్న్‌షిప్. 22 వారాలు, వారానికి 48 గంటల డ్యూటీ. ఆ చివరి వారాల్లోనే రిజిస్ట్రేషన్ దరఖాస్తుకు కావలసినవి కళాశాల కార్యాలయంలో అడిగి రాసుకోండి.

చదివిన రాష్ట్రంలోనే మొదటి రిజిస్ట్రేషన్. కాబట్టి తమిళనాడు మండలి దగ్గర నమోదైతేనే మీరు రిజిస్టర్డ్ నర్సు, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్. తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనో, తెలంగాణలోనో పనిచేయాలంటే అక్కడి మండలికి మార్చుకోవాలి, దానికి ముందు తమిళనాడు మండలి నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. భారత నర్సింగ్ మండలి నర్సుల నమోదు వ్యవస్థలో ఆధార్‌తో ముడిపడిన జాతీయ గుర్తింపు సంఖ్య కూడా ఇస్తారు. పేరు తేడా ఉన్నవాళ్ల దరఖాస్తులు ఆగేది ఇక్కడే.

ఎయిమ్స్ ఆసుపత్రుల నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌కు బీఎస్సీ వాళ్లకు అనుభవం అడగరు, రిజిస్ట్రేషన్ అడుగుతారు. డిప్లొమా వాళ్లకు రెండేళ్ల అనుభవం కూడా కావాలి. అందుకే ఫలితాలు వచ్చిన నెలలోనే దరఖాస్తు పెట్టండి, ఇంటికి వెళ్లి తీరిగ్గా చూద్దామనుకోవద్దు. విదేశాల ఆలోచన ఉంటే, ప్రతి సబ్జెక్టుకూ థియరీ ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అని రాసిన ట్రాన్‌స్క్రిప్ట్ చెన్నై వదలకముందే తీసుకోండి. అయిదేళ్ల తరువాత దుబాయ్ నుంచి ఫోను చేసి అడిగితే పని జరగడం కష్టం.

కార్డు చేతికి రాగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టే ముందు, ఫైలు తెరిచి మొదటి పేజీ తీయండి. నాలుగేళ్ల కిందట పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్న ఆ పేరును పక్కన పెట్టి, కార్డు మీద పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం చదవండి. తేడా కనిపిస్తే అదే రోజు దిద్దుబాటుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ తరువాతే రైలెక్కండి.